మడుగుకోట మీద బాన

నమోదు 9. గాలి పడమర. చూపు స్పష్టం.

దుర్భిణి అద్దం మీద మళ్ళీ జిడ్డు పేరుకుంది. గాలి పడమర నుంచి వీచిందంటే కింద శిబిరంలో కాచే కొవ్వు కంపంతా మా కొండ మీదికే వస్తుంది. పశువుల కొవ్వూ ఆముదమూ బొగ్గుపొడీ కలిపి పెద్ద కాగుల్లో పొద్దస్తమానం ఉడికిస్తారు. బాన గొంతులో పూయడానికి అది. ఆ కంపు దుప్పట్లో ఉంటుంది, తాగే నీళ్ళలో ఉంటుంది, తినే సంగటిలో ఉంటుంది. నిన్న మారెక్క సంగటి ముద్దను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "పీనుగును కడిగిన చేత్తో తింటాన్నట్టుందప్పా" అని పక్కన పెట్టేసింది.

బాన అంటే మా ఫిరంగి. కాగితాల మీద దాని పేరు విజయభేరి. ఆ పేరుతో పిలిచేది దాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ వైకుంఠం ఒక్కరే. మిగతా అందరికీ అది నోరు ఆకాశం వైపు తెరుచుకుని కూర్చున్న ఇనప బాన. దాని నోట్లోకి ఎద్దులబండిని ఎద్దులతో సహా దింపవచ్చు.

బాన కొండకు ఇవతల పల్లంలో ఉంది. మడుగుకోట కొండకు అవతల ఉంది. బానను పేల్చేవాళ్ళకు మడుగుకోట కనబడదు. రెండూ కనబడేది కొండ నెత్తిన ఉన్న మా ఇద్దరికే. గుండు ఎక్కడ పడిందో నేను దుర్భిణిలో చూసి చెప్పాలి. మారెక్క ఆ మాటను చేతి అద్దంతో ఎండను తళుక్కు తళుక్కుమనిపించి కిందికి పంపాలి. మారెక్క ఇంతకుముందు ఎద్దులు లాగే రైలు దారిలో సిగ్నల్ చూసేది. నేను పొలాలు కొలిచే సర్వేయరును.

నేను ఇది రాస్తుంటే ఆమె చీపురు పట్టుకుని చచ్చిన తూనీగలను ఊడ్చి పోగేస్తోంది. పోయిన యుద్ధంలో వదిలిన ఇనప తూనీగలు ఇవి. వదిలినవాళ్ళు చచ్చారు, ఆపడం తెలిసినవాళ్ళూ చచ్చారు. ఇవి మాత్రం ఎండ తాగి ఎగురుతూనే ఉన్నాయి. ఎక్కడ మోటారు తిరిగినా, ఎక్కడ రేడియో పలికినా గుంపుగా వచ్చి వాలి కాల్చేస్తాయి. నా వయసు వాళ్ళెవరూ విమానాన్ని కళ్ళతో చూడలేదు. అందుకే ఈ ఎద్దులు, ఈ అద్దం, ఈ బాన. బాన గుండులో ఏ యంత్రమూ ఉండదు కాబట్టి తూనీగలు దాని జోలికి రావు. ప్రొఫెసర్ గారి తెలివంతా అదే. ఆకాశం మూసుకుపోయిన లోకంలో ఇంకా ఎగరగలిగింది ఒకటి కనిపెట్టారు. అది బండరాయి లాంటి చావు.

నమోదు 11. గాలి లేదు. చూపు స్పష్టం.

బాన ఇంకా సిద్ధం కాలేదు. చూడమన్నారు కాబట్టి రోజంతా మడుగుకోటనే చూస్తున్నాను.

నది మీద పాత ఆనకట్ట, దాన్ని ఆనుకుని ఊరు, ఊరి చుట్టూ గోడ. పోయిన వేసవిలో వాళ్ళు గేట్లు మూశారు. పైనాడులో మా కాలువలు ఎండాయి. మా ఊళ్ళో చీనీ పళ్ళ తోటలు నిలువునా మాడిపోతే నేను నా కాళ్ళతోనే వచ్చి పైనాడు సైన్యంలో చేరాను. గోడ కూలుస్తాం, గేట్లు తెరుస్తాం, ఇంటికి పోతాం అన్నారు. అందులో తప్పేమీ కనబడలేదు నాకు. ఇప్పటికీ నీళ్ళ సంగతిలో మాది న్యాయమే అనుకుంటాను.

గోడ వెనక ఒక వీధి ఉంది. అద్దకం వాళ్ళది. పొద్దున్నే ఆడా మగా కలిసి వెదురు దండేల మీద తడి బట్టలు ఆరేస్తారు. నీలం, పసుపు, దానిమ్మ తొక్క రంగు. ఈ బూడిద రంగు ప్రపంచంలో కంటికి హాయిగా ఉన్నది అదొక్కటే. మారెక్క కూడా మధ్య మధ్యలో వచ్చి, "జరుగప్పా, నేనూ ఒకసారి చూస్తా" అంటుంది. ఒకామె నడుముకు నీలం గుడ్డ చుట్టుకుని అందరికంటే ముందు వస్తుంది. ఆమె వచ్చిందంటే మారెక్క, "తెల్లారిందిలే, మనమూ పొయ్యి ముట్టిద్దాం" అంటుంది.

నమోదు 15. గాలి తూర్పు. చూపు మధ్యాహ్నం వరకు స్పష్టం, తర్వాత పొగ.

బాన మొదటిసారి పేలింది.

మారెక్క "కొండ సిద్ధం" అని తళుకు పంపింది. కింద బానను పేల్పించే మేజర్ దస్తగిరి మనిషి "పేలుస్తున్నాం" అని పంపాడు. మేం చెవుల్లో దూది కుక్కుకుని బోర్లా పడుకున్నాం. నేల కిందినుంచి ఎవరో కడుపులో తన్నినట్టు అయింది. కొండ మీది రాళ్ళు పిల్లల గోలీల్లా దొర్లాయి. తలెత్తి చూస్తే గుండు కంటికి కనబడుతూనే ఉంది. అంత పెద్దది, అంత నింపాదిగా పైకి పోయింది. ఆగినట్టు అనిపించింది. తర్వాత కిందికి దిగింది.

గోడ మీద పడాలి. నదిలో పడింది. బురదా నీళ్ళూ గోడంత ఎత్తు లేచి, ఊరి మీద చేపల వాన కురిసింది. పడిన చోటు చెప్పాను. మారెక్క పంపింది.

సాయంత్రం సరుకులకు కిందికి దిగాను. బానను బిగించిన ఇనప పట్టీల్లో సగం తెగి పడ్డాయి. పక్కన బాన మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు, చెవుల నుంచి కారిన రక్తం మెడ మీద ఎండిపోయి ఉంది. నేను పలకరిస్తే ఒక్కడూ తల తిప్పలేదు. వాళ్ళకు వినబడలేదు. వాళ్ళ ముందు ప్రొఫెసర్ వైకుంఠం తెల్లటి చొక్కాలో అటూ ఇటూ తిరుగుతూ ఉత్సాహంగా ప్రసంగిస్తున్నారు. ఎవరికీ వినబడదని ఆయనకు తట్టలేదో, తట్టినా అవసరం లేదనుకున్నారో.

నమోదు 22. గాలి పడమర. చూపు స్పష్టం. స్పష్టం కాకపోయినా బాగుండేది.

పట్టీలు మళ్ళీ బిగించారు. శిబిరంలో అంటించిన ప్రకటనలో "శత్రువు గోడ కంపించింది" అని రాశారు. చచ్చిన చేపల మాట అందులో లేదు.

ఈ రోజు రెండో గుండు. దిక్కు కొంచెం మార్చమని నేను చెప్పిన లెక్క సరైనదే. కానీ బాన లెక్కకు లొంగేది కాదు. గొంతు వేడెక్కితే ఒక తీరుగా, చల్లబడితే ఒక తీరుగా విసురుతుంది. కుండెడు కొవ్వు ఎక్కువ పూసినా గుండు ఎటో పోతుంది. గోడను దాటి, అద్దకం వీధి నడిమధ్యన పడింది.

నేను దుర్భిణి నుంచి కన్ను తీయకూడదు. పొగ తగ్గేదాకా చూసి, ఎంత లోతు గొయ్యి, ఎన్ని ఇళ్ళు అని చెప్పాలి. చూశాను. గొయ్యి ఉంది. ఇళ్ళు లేవు. రంగుల తొట్లు పగిలి నీలం, పసుపు, ఎరుపు గొయ్యిలోకి కలిసి పారుతున్నాయి. ఆ ఎరుపులో ఏది రంగో ఏది కాదో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని నా వేళ్ళు దుర్భిణిని సరిచేస్తూనే ఉన్నాయి.

"ఏం పంపల్ల?" అంది మారెక్క.

"గోడ తప్పింది. వీధి పోయింది."

"ఏ వీధి?"

ఆమె అద్దం కింద పెట్టి, నన్ను పక్కకు జరిపి చూసింది. తర్వాత అద్దం తీసుకుని నేను చెప్పిన మాటను ఉన్నదున్నట్టు పంపింది. ఆ పని అయ్యాక బండ వెనక్కి పోయి వాంతి చేసుకుంది. ఎంతకీ ఆగలేదు.

నమోదు 23. గాలి పడమర. చూపు స్పష్టం.

వైకుంఠం గారు డోలీ ఎక్కి స్వయంగా కొండ మీదికి వచ్చారు. నేను చెప్పిన మాటకు సంతోషం పట్టలేక వచ్చారట.

"గొయ్యి ఎంత వెడల్పోయ్? కళ్ళతో చూసిన నువ్వు చెప్పు" అన్నారు.

"సార్, అది గోడ కాదు. అద్దకం వాళ్ళ వీధి. జనం ఉండే చోటు."

"అది సరే. వెడల్పు?"

చెప్పాను. ఆయన నోట్లోనే లెక్క కట్టుకుని తల ఊపారు. "అనుకున్నదానికంటే మేలు. మెత్తటి నేల కదా."

మారెక్కకు ఓపిక నశించింది. "అయ్యా, గోడ కూలగొట్టనీకి గదా మనం వచ్చింది? గోడకు గీత గూడా పళ్ళేదే."

ఆయన ఆమె వైపు చూడకుండా నాకే చెప్పారు. "గోడ ఒక సాకు. దీని శక్తి ఎంతో తెలియడానికి ఊరొకటి కావాలి. బయలు మీద పేలిస్తే ఎవరికి నమ్మకం కలుగుతుంది? తీరం రాజ్యం వాళ్ళు దీన్ని చూడటానికి వస్తున్నారు. వాళ్ళు కొంటే పైనాడుకు ఎంత పేరో ఆలోచించు." ఇంకా ఏదో చెబుతూ, జేబులోంచి వక్కపలుకు తీసి నాకూ ఒకటి ఇచ్చారు. తీసుకున్నాను. ఆయన డోలీ కొండ దిగిపోయేదాకా గుప్పిట్లో పట్టుకుని ఉండి, తర్వాత లోయలోకి విసిరేశాను. చెయ్యి మట్టితో తోముకున్నాను. అయినా పోలేదు.

నమోదు 30. గాలి ఉత్తరం. చూపు మొదట స్పష్టం.

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్నే అతిథులు వచ్చారు. డోలీలు, గొడుగులు, మడత కుర్చీలు, పకోడీల డబ్బాలు. తీరం వాళ్ళ తరఫున బేరం చూడటానికి వచ్చినావిడ పేరు రంగనాయకి. మర్యాదస్తురాలు. మారెక్క చూపించిన బండ మీద కూర్చుంటూ, "మీకు శ్రమ ఇస్తున్నామండీ" అంది. గొంతులో నిజంగానే నొచ్చుకోలు ఉంది. ఆ మర్యాద చూస్తే నాకు కొవ్వు కంపు కంటే ఎక్కువ రోత పుట్టింది.

కింద బానలోకి మూడో గుండు అప్పటికే దింపేశారు. ఇంతవరకు వాడినవాటికంటే పెద్దది. మామూలుగా దుర్భిణి తుడిచి కోట వైపు చూశాను. నీళ్ళ ట్యాంకు మీద తెల్లబట్ట. గోడ పొడుగునా తెల్లబట్టలు. రంగు వేయని తానులన్నీ తెచ్చి కట్టేసినట్టున్నారు. ఊరి ప్రధాన గేటు ముందు నిరాయుధంగా కొందరు నిలబడి ఉన్నారు.

"ప్రొఫెసర్ గారూ, లొంగిపోతున్నారు. తెల్లబట్ట ఎత్తారు" అన్నాను.

ఆయన దుర్భిణి దగ్గరికి రాలేదు. "బట్టలు ఆరేసుకుని ఉంటారోయ్. అద్దకం ఊరేగా."

"అద్దకం వీధి ఇప్పుడు లేదు సార్. గేటు ముందు మనుషులు నిలబడి ఉన్నారు. మీరే చూడండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయారు. గొంతు తగ్గించారు. "విను ఓబులేసూ. గుండు లోపలికి దిగింది. దాని కింద మందు ఉంది. దిగినదాన్ని పైకి లాగే ఏర్పాటు బానకు లేదు. అది బయటికి రావాలంటే ఒకటే దారి."

ఆయన నోటినుంచి 'బాన' అనే మాట నేను విన్నది అప్పుడే.

"పైకి లాగే ఏర్పాటు ఎందుకు పెట్టలేదు సార్?"

"అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు ఆ ప్రశ్నకు. "ట్యాంకు కింద బజారు. అదీ గురి. పంపించు."

వెనకనుంచి రంగనాయకి గారు, "ఇంకా ఎంతసేపండీ? ఎండెక్కుతోంది" అన్నారు.

మారెక్క అద్దం పట్టుకుని నా వైపు చూస్తోంది. ఆమె అంతా వింది. కోటకు ఎడమ పక్క, చాలా దూరంగా, వదిలేసిన సున్నపు క్వారీ ఒకటి ఉంది. అక్కడ మేకలు కూడా మేయవు. గురి అటు తిప్పినా ఈ బాన గుండు అక్కడే పడుతుందన్న నమ్మకం నాకు లేదు. కానీ ఊరి మీద పడకపోవడానికి అంతకంటే మేలైన ఉపాయమూ లేదు. నేను గొంతు ఎత్తకుండా పెదాలు మాత్రం కదిపాను. "క్వారీ."

మారెక్క కన్ను ఆర్పలేదు. కిందికి తిరిగి అద్దం ఆడించడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ గారు ఆ తళుకులను చూస్తూ తృప్తిగా తల ఊపుతున్నారు. మాకు ఆ భాష నేర్పినవాళ్ళలో ఆయన లేరు. నేర్చుకునే పని ఆయనకు ఎప్పుడూ పడలేదు.

కింద నుంచి చాలాసేపు జవాబు రాలేదు. మేజర్ దస్తగిరికి ఆ భాష బాగా వచ్చు. ఇంత పక్కకు తిప్పమంటే ఏదో ఉందని ఆయనకు తెలుస్తుంది. తర్వాత "మళ్ళీ చెప్పండి" అని వచ్చింది. మారెక్క మళ్ళీ పంపింది. దాని చివర నన్ను అడగకుండానే ఇంకో రెండు మాటలు కలిపింది. "తెల్లబట్ట ఎత్తినారు."

అప్పుడు కిందినుంచి ఒక్క పొడవాటి మెరుపు. అంటే అర్థమైందని.

బాన కింది దిమ్మను అంత దూరం తిప్పడానికి ఎద్దులకు చాలాసేపు పట్టింది. పకోడీలు అయిపోయాయి. "ఏమిటీ ఆలస్యం?" అన్నారు వైకుంఠం గారు.

"దిమ్మ బిగుసుకున్యాదంట సార్. ఆముదం పోస్తాండారంట" అంది మారెక్క. ఆమె మొహంలో ఒక్క నరం కదల్లేదు.

బాన పేలింది. నేను దుర్భిణి వదిలేసి ఉత్త కళ్ళతో చూశాను. గుండు ఎడమకు వాలింది. క్వారీలో పడింది. ఎన్నేళ్ళ సున్నపు పొడి ఒక్కసారిగా లేచి, ఆనకట్ట కంటే ఎత్తుగా తెల్లటి స్తంభంలా నిలబడింది. గాలి దాన్ని మెల్లగా ఊరి మీదికి వంచింది. ఊరు మొత్తం తెలుపులో మాయమైంది. ఎక్కడ పడిందో చెప్పగలిగే కన్ను నాది తప్ప ఆ కొండ మీద ఇంకోటి లేదు.

అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత బావుందండీ!" అన్నారు రంగనాయకి గారు.

"పడిందా?" అన్నారు ప్రొఫెసర్ గారు, కళ్ళు తుడుచుకుంటూ.

"పడింది సార్."

"ఎక్కడ?"

"చెప్పిన చోటే."

నమోదు 33. మడుగుకోట లోపల.

గేట్లు తెరుచుకున్నాయి. కాలువల్లోకి నీళ్ళు వదిలారు. మూడో గుండు దెబ్బకు శత్రువు లొంగాడని ప్రకటన అంటించారు. తెల్లబట్టలు గుండు కంటే ముందే ఎగిరాయని చెప్పేవాడు లేడు, బజారు ఇంకా నిలబడే ఉందేమని అడిగేవాడూ లేడు.

అందరితో పాటు మేమూ లోపలికి వచ్చాం. నేను అద్దకం వీధికి పోకూడదనుకున్నాను. మారెక్క మాట్లాడకుండా ముందు నడిచింది. ఆమె వెనకే నేను.

దుర్భిణిలో గొయ్యి చిన్నది. దగ్గర నుంచి చూస్తే దాని అవతలి ఒడ్డున ఉన్న మనిషిని గుర్తుపట్టలేం. లోపల మురిగిన రంగు నీళ్ళు, వాటి మీద ఈగల దుప్పటి. ఇవతలి ఒడ్డున నీలం గుడ్డ నడుముకు చుట్టుకున్న ఆమె, విరిగిన తొట్టి చెక్కలు ఏరి పేరుస్తోంది. మోచేతుల దాకా నీలం. ఆమె బతికే ఉందని చూసి నాకు కలిగిన సంతోషానికి వెంటనే సిగ్గేసింది. పేరు లాలెమ్మ అని చెప్పింది.

"వీధిలో చానామంది పోయినారా?" అంది మారెక్క.

"మా ఇంటాయన పాయ. బట్టలు తీసుకొస్తానని పోయినాడు. మా అత్త నడవలేకపాయ. ఇంకా శానామంది పోయేదే. కొండ చెప్పింది కాబట్టి బతికినాం."

"కొండా?"

లాలెమ్మ చెక్కతో మా కొండ వైపు చూపించింది. "ఆడ ఏదో ఇటు తిరిగినప్పుడల్లా తళుక్కుమంటాది. తళుక్కుమన్నాంక కాసేపటికి గుండు పడతాది. మొదటిసారే కనిపెట్టినాం. అది మెరిస్తే పిల్లోళ్ళను తీసుకుని దిగుడు బాయిలోకి దిగేది." తర్వాత మా ఇద్దరి బట్టల మీది పైనాడు గుర్తు చూసింది. "మెరిపించేది ఎవురో మీకు తెలుసునా?"

నేను నేల చూపులు చూశాను. మారెక్క మాత్రం, "నేనే" అంది.

లాలెమ్మ తిట్టలేదు. దండమూ పెట్టలేదు. మారెక్క మొహాన్ని, చేతుల్ని కొత్త వస్తువును చూసినట్టు చాలాసేపు చూసింది.

"ఇంకొంచెం ముందుగా మెరిపించింటే బాగుండు" అని, మళ్ళీ చెక్కలు ఏరుకోవడానికి వంగింది.

నమోదు 34. మడుగుకోట లోపల.

మధ్యాహ్నం ఆనకట్ట ఆఫీసు హాల్లో విజయ విందు. మాంసం పులావు, పెరుగు, బొబ్బట్లు. ఈ ఊళ్ళో జనం నెలలుగా చింతాకు ఉడకేసుకుని తింటున్నారు. నన్ను కూడా పిలిచారు, గొప్ప గురి చూసినందుకు శాలువా కప్పడానికి. నాకు కావలసింది ఆ అవకాశమే. తీరం వాళ్ళ ముందు నిజం చెబితే బాన పరువు పోతుంది, బేరం పోతుంది అనుకున్నాను. ఆ తర్వాత నన్ను గోడకు నిలబెట్టి కాల్చినా సరే అనుకున్నాను.

శాలువా కప్పుతుండగానే చెప్పేశాను. "మూడో గుండు బజారు మీద పడలేదు. తెల్లబట్ట చూసి నేనే గురి మార్పించాను. అది ఊరి బయట సున్నపు క్వారీలో పడింది. మీరందరూ చప్పట్లు కొట్టింది ఉత్త దుమ్మును చూసి."

మారెక్క పేరు ఎత్తలేదు. మేజర్ పేరూ ఎత్తలేదు. వైకుంఠం గారి మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. మేజర్ దస్తగిరి విస్తరి మీదినుంచి తల ఎత్తలేదు.

రంగనాయకి గారు చెయ్యి తుడుచుకున్నారు. "ఒక్క నిమిషం ఆగండి. మీరు క్వారీ మీద వెయ్యమన్నారు. క్వారీలోనే పడింది. అంతేనాండీ?"

"అవును. కానీ..."

"గుండు దింపేశాక, ఆఖరి నిమిషంలో, ఊరంత దూరం పక్కకు తిప్పమంటే తిప్పి, చెప్పిన గోతిలో వేశారు!" ఆమె ప్రొఫెసర్ గారి వైపు తిరిగారు. "ఇంత గొప్ప సంగతి మాకు చెప్పలేదేంటండీ మీరు? దీని గురి మీదే మావాళ్ళకి అనుమానం. మూడు కొందామనుకున్నాం కదా, ఆరు చేద్దాం."

"అది అదృష్టమండీ!" అని అరిచాను. "ముందువి చూడండి. గోడ అంటే ఒకటి నదిలో పడింది, ఇంకోటి జనం మీద పడింది. దానికి గురీ పాడూ లేదు!"

ఎవరూ వినలేదు. వైకుంఠం గారి మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. లేచి వచ్చి నన్ను కావలించుకున్నారు. "ఇతన్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఇతనే నా సాక్షి" అని, తన చేత్తో బొబ్బట్టు తుంచి నా నోట్లో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నెయ్యి నా గడ్డం మీదికి కారింది.

బయటికి పరుగెత్తి కాలువ ఒడ్డున అంతా కక్కేశాను. కక్కాక కూడా ఆ తీపి పళ్ళ సందుల్లో ఉండిపోయింది. శాలువా కాలువలో పడేశాను. నేను చేసిన ఒకే ఒక్క మంచి పనిని వాళ్ళు సంతలో పళ్ళు చూపించి ఎద్దును అమ్మినట్టు అమ్ముకున్నారు. అమ్మడానికి కావలసిన మాట నా నోటితోనే ఇచ్చాను.

మేజర్ దస్తగిరి వెనక వచ్చి నీళ్ళ చెంబు ఇచ్చారు.

"కొత్తవన్నీ మొదట పోయేది ఇనుపగల్లు మీదికి. తీరమోళ్ళ ఉప్పు దారికి అడ్డమంట ఆ ఊరు. నిన్నూ మారెక్కనూ వాటెంబడి పంపమని రాసినాడు ప్రొఫెసరు" అన్నారు.

"నేను పోను సార్."

"పొమ్మని నేను చెప్తాండానా?" ఆయన కాలువలో కొట్టుకుపోతున్న శాలువా వైపు చూశారు. "బానలు పోతపోసి, ఎద్దులతో ఈడ్చుకుని పోయేకి ఇంకా టైం పడ్తాది. మనుషులు నడిస్తే బిరీన పోతారు. ఆ దావలో నేను కాపలా పెట్టలేదు."

చెంబు నా చేతిలోనే వదిలి లోపలికి పోయారు.

మారెక్కకు ఈ మాట చెప్పాను. అద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. "లాలెమ్మ చెప్పింది గదా, ముందుగా మెరిపించల్లని" అంది.

నమోదు 41. గాలి లేదు. దుర్భిణి లేదు.

ఇనుపగల్లు చిన్న ఊరు. గోడ కూడా సరిగ్గా లేదు, రేగడి మట్టి కట్ట. గేటు దగ్గర ఒకామె ఈటె పట్టుకుని నిలబడి ఉంది. మా బట్టల మీది గుర్తు చూసి ఈటె మొన నా గొంతుకు ఆనించింది. నేను కదల్లేదు. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. బాన ఎట్లా ఉంటుంది, అది ఏ కొండ వెనక కూర్చుంటుంది, తళుకు ఎటునుంచి వస్తుంది, ఆ భాషలో 'సిద్ధం' అంటే ఎట్లా మెరుస్తుంది, ఎంత లోతు బావి తవ్వాలి. ఇప్పుడు ఏది ముందు చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

"ఎవరు మీరు?" అంది ఆమె.

మారెక్క సంచి దించి, రోడ్డు మీదే కూలబడింది. కాళ్ళకు బొబ్బలు.

"మీ ఊరి మీద గుండు వేసేవాళ్ళమమ్మా" అంది. "రోంత నీళ్ళు ఇయ్యి. అంతా చెప్తాం."